చుక్కల వరుస

పుస్తకమంతా ఒక దారికి వచ్చింది గానీ, ఒక్క పాట దగ్గర రసూలు పని ఆగిపోయింది.

ఆ పాటకు పేరు లేదు.

రాగం బాగుంది, మాటలు బాగున్నాయి, పాడినామె గొంతు ఇంకా బాగుంది. ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, టైపు చేసి, పేజీలో పెట్టాడు. పైన పేరు రాయాల్సిన చోటికి వచ్చేసరికి ఏం రాయాలో తెలియలేదు.

నబీరసూలు హైదరాబాదులో చాలా ఏళ్ళు డీటీపీ పని చేసినవాడు. పిల్లల పాఠ్యపుస్తకాలు, గైడ్లు, ఎవరెవరో రాసుకున్న జీవితచరిత్రలు, ఏవి వస్తే అవి కంప్యూటరులో పేజీలుగా పేర్చి అచ్చుకు పంపేవాడు. ఒక ఏడాది ఇంట్లో వరసగా చావులు జరిగి, మనసు చెదిరి, రాత్రీ పగలూ నిద్ర లేకుండా అయిపోతే వాళ్ళమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని మొగిలికుంటకు తీసుకొచ్చింది.

మొగిలికుంట నంద్యాల నుంచి నల్లమల వైపు పోయే దారిలో ఉంటుంది. ఊరి చివర వేపచెట్ల నీడలో ఒక పెంకుటిల్లు, దాని పక్కన సున్నం కొట్టిన చిన్న సమాధి. ఆ చోటును తకియా అంటారు. అక్కడుండే ముసలాయన పేరు మౌలాలి. అందరికీ తాత. సమాధిలో ఉన్నది ఆయన గురువు. సాయిబులు, దూదేకులవాళ్ళు, బోయవాళ్ళు, రెడ్లు, ఎవరు కష్టమని వచ్చినా తాత దగ్గర కూర్చుని పోతారు. కొందరు పోకుండా ఉండిపోతారు.

రసూలు వచ్చిన రోజు తాత అతన్ని ఏమీ అడగలేదు. "అన్నం తిన్నావా?" అన్నాడు. తిన్నాక, "పడుకో పో," అన్నాడు. రసూలు వసారాలో చాప మీద పడుకున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో నిద్ర పట్టింది. లేచేసరికి అతని మీద ఎవరో కప్పిన దుప్పటి ఉంది. ఆ దుప్పటి తాతదని తర్వాత తెలిసింది. రసూలు ఉండిపోయాడు.

తకియాలో ప్రతి గురువారం సాయంత్రం తత్వాలు పాడతారు. దూది ఏకే మనిషి ఒకప్పుడు కట్టింది, గొర్రెలు కాసే మనిషి కట్టింది, వంటింట్లో ఆడవాళ్ళు కట్టుకున్నవి, అన్నీ నోటి మీద నడిచే పాటలే. పాడేవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ళతో పాటే పాటలూ పోతున్నాయి. అది చూసి రసూలే అన్నాడు, "తాతా, ఇవన్నీ ఒక పుస్తకం చేద్దాం. ఏటా మీ గురువు పేరున చేసే గంధం పండగ నాటికి అచ్చేయిస్తా."

తాత నవ్వి, "నీకు పని కావాలనిపించిందా? అట్లయితే చెయ్యి," అన్నాడు.

ఎవరో శిష్యుడు పాత కంప్యూటరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. రసూలు దాన్ని వెనక గదిలో పెట్టుకున్నాడు. కీబోర్డు మీద చెయ్యి పడగానే అతనికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. పనిలో అతనికి ఒక పట్టింపు ఉండేది. చాలామంది విషయసూచికను చేత్తో టైపు చేస్తారు. ఒక్కో పాట ఏ పేజీలో ఉందో వెతుక్కుని అంకె వేస్తారు. మధ్యలో రెండు పేజీలు పెరిగాయంటే అంకెలన్నీ తప్పే. పేజీ నెత్తిన చిన్నక్షరాల్లో వచ్చే పేర్లు కూడా అంతే, ఒక్కో పేజీకి విడిగా కొడతారు, ఎక్కడో ఒకచోట పక్క పాట పేరు ఈ పాట నెత్తికెక్కుతుంది. రసూలు అట్లా ఎప్పుడూ చెయ్యడు. మొదటే అన్నీ అమర్చి పెట్టుకుంటాడు, ఆ తర్వాత కంప్యూటరే చూసుకుంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం తాతను గదిలోకి పిలిచి చూపించాడు.

"చూడు తాతా. ఈ పాట పేరులో ఒక మాట మారుస్తా. పైన చూడు."

ఒక మాట మార్చాడు. ఆ పాట ఉన్న పేజీలన్నింటి నెత్తి మీదా ఆ మాట మారిపోయింది.

తాత కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు. "ఇంగోసారి చెయ్యి," అన్నాడు.

రసూలు మళ్ళీ చేశాడు. తాతకు నవ్వొచ్చింది. పక్కన ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మరి ముందర వరసగా పేర్లు వస్తాయే, అవి?"

"అవీ అంతే. ఒక్క నొక్కు." నొక్కాడు. పేర్లన్నీ గబగబా వచ్చి వరసలో నిలబడ్డాయి. ఎడమ వైపు పాట పేరు, దాని పక్కనుంచి చుక్కలు, చుక్కల చివర పేజీ అంకె.

"దీనికి ఎట్ల తెలుస్తాది, ఏది పేరో ఏది పాటో?"

"నేను చెప్తా తాతా. పేరుండే వరసకు 'శీర్షిక' అని ఒక గుర్తు తగిలిస్తా. ఆ గుర్తు యాడుంటే అదంతా ఏరుకొచ్చి ముందర పెడతాది. ఒక్కటి కూడా తప్పిపోదు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా," అన్నాడు రసూలు. చాలా కాలం తర్వాత అతని గొంతులో గర్వం పలికింది. తాత దాన్ని విని సంతోషపడ్డట్టే కనిపించాడు. భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అదంతా ఇమాంబీ పాట రాకముందు.

ఇమాంబీ తకియాలో వంట చేస్తుంది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక ఇక్కడికే వచ్చేసింది. తాత ఆడవాళ్ళకు పలక మీద అక్షరాలు దిద్దించిన రోజుల్లో ఆమె కూడా నేర్చుకుంది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. అందరిలో ఎప్పుడూ పాడదు. ఒకరోజు రసూలు నీళ్ళకని వంటింట్లోకి పోతే, చేటలో బియ్యం చెరుగుతూ తనలో తాను పాడుకుంటోంది. రసూలు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఊపితే ఊగదు ఉయ్యాల
ఊపకుంటే ఊగును నా ఎద
వచ్చినావనుకుంటినే కూనా
వాకిట్లోనే తిరిగిపోతివా

"అవ్వా, ఎవరు కట్టినారు ఇది?"

ఇమాంబీ ఉలిక్కిపడి చూసింది. కొంచెం సిగ్గుపడింది. "నేనే నాయనా. ఎప్పటిదో."

"పుస్తకంలో పెడతా. ఇంగోసారి పాడవా?"

ఆమె చేట పక్కన పెట్టింది. తర్వాత పాడింది. రసూలు ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

"దీని పేరేంది అవ్వా?"

"పేరు లేదు."

"ఏదో ఒకటి చెప్పు. పైన రాయాల."

"బిడ్డకే పేరు లేదు నాయనా," అంది ఇమాంబీ. "పేరు పెట్టే దినం రాకముందే పోయింది. పాటకు యాడనుంచి తెచ్చేది?"

రసూలు చెంబెడు నీళ్ళు తాగి వచ్చేశాడు. కానీ కంప్యూటరు ముందు కూర్చునేసరికి పాత అలవాటే గెలిచింది. పేరు లేని పాటను ఎక్కడ పెట్టాలి? రెండు రోజులు ఆలోచించి తానే ఒక పేరు పెట్టాడు. 'కన్నీటి జోల.' రాసి చూసుకుంటే బాగుందనిపించింది. సూచికలో కూడా చక్కగా వచ్చి కూర్చుంది. నంద్యాలలో ప్రెస్సుకు వెళ్ళి దిద్దుబాట్లకని ఒక ప్రతి కాగితాల మీద తీయించుకొచ్చాడు.

ఆ కాగితాలు ముందుగా ఇమాంబీకే చూపించాడు. ఆమె సంతోషపడుతుందనుకున్నాడు.

ఇమాంబీ చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. వేలు పెట్టి చదివింది. క, న్నీ, టి. అక్కడ ఆగింది. జో, ల. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివింది. కాగితం తిరిగి ఇచ్చేసింది.

"ఇది వేరే ఎవరిదో నాయనా," అంది మెల్లగా.

"నీదే అవ్వా. పేరు నేనే పెట్టినా. బాగుంది గదా?"

"బాగుంది. అందుకే వద్దంటాండా." ఆమె పొయ్యి వైపు తిరిగింది. "పేరు పెడితే పిలవాలనిపిస్తాది. పిలిస్తే పలికేదానికి ఎవురుండారు?"

రసూలు ఆ పేరు తీసేశాడు. తీసెయ్యగానే రెండు పనులు జరిగాయి. సూచికలోంచి ఆ పాట మాయమైపోయింది, గుర్తు తగిలించిన వరస లేదు కాబట్టి. పేజీ నెత్తిన మాత్రం ముందు పాట పేరు వచ్చి నిలబడింది. ఆ ముందు పాట దూది ఏకే కాశన్న కట్టిన 'దూదిమూట'. కొత్త పేరు ఎదురయ్యేదాకా పాత పేరునే మోసుకుపోవడం కంప్యూటరు పద్ధతి.

ఈసారి కాగితం చూపించడానికి రసూలుకు అంత ఉత్సాహం లేదు. అయినా ఇమాంబీయే అడిగి తీసుకుంది. సూచికలో పైనుంచి కిందికి వేలు పెట్టి చూసింది. పేజీలు తిప్పి తన పాట వెతుక్కుంది. పైనున్న చిన్నక్షరాలు చదివింది.

"కాశన్న పాట పేరు గదా ఇది?"

"అవునవ్వా. అది అంతే. నీ పాటకు పేరు లేదు గాబట్టి..."

"పరాయోళ్ళ ఇంట్లో పండబెట్టినట్టుండాది," అంది ఇమాంబీ. కోపం లేదు ఆ మాటలో. కాగితాలు నాలుగు మూలలూ సరిచేసి అతని చేతిలో పెట్టింది. "తీసెయ్యి నాయనా దాన్ని. పుస్తకానికి అది లేకుంటే ఏం తక్కువ? నేను పాడుకుంటా ఉంటా గదా."

కానీ ఆ తర్వాత వంటింట్లోంచి పాట వినిపించలేదు. చేట చప్పుడు వినిపించేది, పొయ్యిలో కట్టెల చప్పుడు వినిపించేది. రసూలు నీళ్ళకు పోయినప్పుడల్లా చెవి ఒగ్గి నిలబడేవాడు. ఆమె అతన్ని చూసి ఎప్పట్లాగే, "అన్నం తినేదానికి రాకపోతివే," అనేది. అంతే.

గంధం పండగ దగ్గర పడుతోంది. ప్రెస్సు నుంచి సుబ్బరాయుడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఇక తప్పదని రసూలు తాత దగ్గరికి పోయాడు. తాత వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని, తెగిన చెప్పు వారును దబ్బనంతో కుట్టుకుంటున్నాడు.

రసూలు జరిగిందంతా చెప్పాడు.

"నేను తీసేసేదానికి మనసు ఒప్పడం లేదు తాతా. పుస్తకంలో అంత మంచి పాట ఇంగొకటి లేదు. నువ్వొక మాట చెప్పు. నువ్వు చెప్తే ఆమె పేరుకు ఒప్పుకుంటాది. లేదంటే నువ్వే ఏదైనా ఒక పేరు పెట్టు. నువ్వు పెడితే వద్దనదు."

తాత దారం లాగి ముడి వేశాడు.

"పేరన్నా ఉండాల, లేదంటే జాబితాలో చోటు ఉండదు," అన్నాడు రసూలు. కొంచెం గట్టిగానే అన్నాడు. "యాడైనా అంతే గదా తాతా. నేను పెట్టిన నియమం గాదు అది."

తాత దారం కొరికి తెంపాడు. చెప్పును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నా చెయ్యి ఈ మధ్య వణుకుతాండాది రసూలూ," అన్నాడు. "ఈ గురువారం మలీద నువ్వు పెట్టు. నేను పేర్లు చెప్తా."

అడిగినదానికి ఇది జవాబు కాదు. తాత రెండో చెప్పు అందుకున్నాడు. రసూలు తిరిగి వచ్చేశాడు.

ప్రతి గురువారం పాటలకు ముందు పోయినవాళ్ళ పేరున ఫాతెహా చదువుతారు. రొట్టెలు మెత్తగా నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీద చేస్తారు. సమాధి ముందు పెద్ద మోదుగాకు విస్తరి పరుస్తారు. తాత ఒక్కొక్క పేరే తలచుకుంటాడు. పేరుకు ఒక పిడికెడు చొప్పున మలీద విస్తరిలో పడుతుంది. అంతా అయ్యాక పిల్లలకు పంచిపెడతారు. అన్నాళ్ళూ రసూలు ఎక్కడో వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆ పేర్లు అతను ఎప్పుడూ మనసు పెట్టి వినలేదు.

ఆ గురువారం అతను తాత పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందర పళ్ళెం నిండా మలీద. సాంబ్రాణి పొగ అతని మీదికే వస్తోంది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఇమాంబీ ఆడవాళ్ళ చివర, స్తంభం దగ్గర కూర్చుని ఉంది.

తాత చదవడం ముగించి కళ్ళు మూసుకున్నాడు.

"మా గురువు బుడన్ సాహెబు," అన్నాడు.

రసూలు పిడికెడు తీసి విస్తరిలో పెట్టాడు.

"దూదేకుల కాశన్న."

పెట్టాడు.

"బోయ ఓబులేశు. లాలమ్మ. వడ్ల రామాచారి. చిన్న మస్తాను."

ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయాడు. ఒక్కో పేరుకూ ఎవరో ఒకరు తల వంచుకోవడం, ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం ఇప్పుడే అతనికి కనిపిస్తోంది. చాలా పేర్లు చెప్పాడు తాత. మధ్యలో రసూలు నాయన పేరు వచ్చింది. తాతకు ఆ పేరు ఎప్పుడు చెప్పాడో రసూలుకు గుర్తు లేదు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పెట్టాడు. ఆ వెంటే అతని తమ్ముడి పేరు. అదీ పెట్టాడు.

ఆ తర్వాత తాత ఏమీ అనలేదు.

రసూలు తర్వాతి పిడికెడు అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. పేరు కోసం చూశాడు. తాత పెదవులు కదలడం లేదు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు. ఈ ఆగడం రసూలు చాలా గురువారాలు విన్నాడు. ముసలాయన ఊపిరి తీసుకుంటున్నాడని అనుకునేవాడు.

"ఎవరికి తాతా?" అన్నాడు గొంతు తగ్గించి.

తాత కళ్ళు తెరిచాడు. విస్తరి వంక చూశాడు, అందులో ఒక పిడికెడు పట్టేంత జాగా వదిలి ఉన్న వైపు.

రసూలు అక్కడ పెట్టాడు. అంతకుముందు పెట్టినవన్నీ మామూలుగానే పెట్టాడు. ఇది ఎందుకో రెండు చేతులతో, నిద్రపోయే పసిబిడ్డను దించినట్టు దించాడు.

తల ఎత్తేసరికి స్తంభం దగ్గర ఇమాంబీ కళ్ళు మూసుకుని ఉంది. ఆమె తల కొంచెం వంగి ఉంది. మిగిలినవాళ్ళు తమ పేరు వచ్చినప్పుడు ఎట్లా వంచారో అట్లాగే.

"షేక్ అమీనమ్మ," అన్నాడు తాత. వరస మళ్ళీ సాగింది.

మర్నాడు పొద్దున్నే రసూలు వంటింటి గుమ్మం దగ్గరికి పోయాడు. ఇమాంబీ చింతపండు నానబెడుతోంది.

"అవ్వా," అన్నాడు. "పాట తీసెయ్యలేదు ఇంకా. ఒకటి అడగాల."

"అడుగు."

"పేరు పెట్టను. ఎవరి పేరు కిందా పెట్టను. ఉండనిస్తావా?"

ఇమాంబీ అతని ముఖంలోకి చూసింది. "పేరు లేకుండా ఎట్ల పెడతావు?"

"పెట్టాలనే అనుకుంటాండా. వస్తాదో రాదో ఇంకా చూడలేదు. నువ్వు ఊ అంటేనే చూస్తా."

ఆమె చింతపండు గిన్నె పక్కకు జరిపింది. "సరే, చూడు," అంది.

రసూలు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పాట పైన ఒక ఖాళీ వరస వదిలి, దానికి శీర్షిక గుర్తు తగిలించాడు. సూచికను కొత్తగా తెప్పించాడు. రాలేదు. ఏమీ లేని వరసను కంప్యూటరు పట్టించుకోలేదు. పేజీ నెత్తిన 'దూదిమూట' అట్లాగే ఉంది. గడ్డం గీరుకున్నాడు. లేచి బయట తిరిగి వచ్చాడు. తాత అరుగు మీద ఎవరో ఊరివాళ్ళతో మాట్లాడుతున్నాడు, ఇటు చూడలేదు.

మళ్ళీ కూర్చుని, ఆ వరసలో స్పేస్ బార్ ఒక్కసారి నొక్కాడు. తెర మీద ఏమీ కనిపించలేదు, ఒక అక్షరమంత ఎడం తప్ప. కంప్యూటరుకు మాత్రం అది ఏమీ లేకపోవడం కాదు, అది కూడా ఒక అక్షరమే. దానికి గుర్తు తగిలించి సూచికను మళ్ళీ తెప్పించాడు.

వచ్చింది. 'దూదిమూట' కింద ఒక కొత్త వరస. ఎడమ వైపు ఏమీ లేదు. అక్కణ్ణుంచే చుక్కలు మొదలై, నిదానంగా కుడి వైపుకు పోయి, పేజీ అంకె దగ్గర ఆగాయి. పాట ఉన్న పేజీ తీసి చూశాడు. నెత్తి మీద కాశన్న పాట పేరు లేదు. తెల్లగా, శుభ్రంగా ఉంది.

రసూలు చాలాసేపు ఆ తెలుపును చూస్తూ కూర్చున్నాడు. నాయన పోయినప్పుడు రాని ఏడుపు, తమ్ముడు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చాడు. తర్వాత ముఖం కడుక్కుని ఫైలు ప్రెస్సుకు పంపించాడు.

సాయంత్రానికి సుబ్బరాయుడు ఫోన్ చేశాడు.

"ఏమప్పా రసూలూ, ఇంత కాలం పని చేసినోడివి, ఇదేంది? విషయసూచికలో ఒక పేరు ఎగిరిపోయింది. చుక్కలుండాయి, పేజీ నంబరుండాది, పేరు లేదు."

"ఎగిరిపోలేదన్నా. అది అంతే."

"అంతే అంటే? లోపల కూడా చూసినా, ఆ పేజీకి హెడ్డింగు లేదు, పైన కూడా రాలేదు. నేను చూసుకున్నా గాబట్టి సరిపోయింది. 'పేరులేని పాట' అని వేసేదా? ఒక్క నిమిషం పని."

"వద్దన్నా."

"చూసినోళ్ళు అచ్చుతప్పు అంటారు. ప్రెస్సు మీద పడతాది మాట."

"అడిగినోళ్ళకు నా పేరు చెప్పన్నా. రసూలు కావాలనే అట్ల పెట్టినాడని చెప్పు. ఒక్క అక్షరం కూడా చేర్చొద్దు దాంట్లో. నీకు దండం పెడతా."

అవతల మిషన్ల చప్పుడు వినిపించింది.

"ఎవరిదప్పా ఆ పాట?" అన్నాడు సుబ్బరాయుడు.

"పేరు పెట్టకముందే ఒక బిడ్డ పోయిందన్నా. వాళ్ళమ్మది," అన్నాడు రసూలు.

"సరేలే. అట్లనే వేస్తా," అని సుబ్బరాయుడు ఫోన్ పెట్టేశాడు.

గంధం పండగ పొద్దున పుస్తకాల కట్టలు వచ్చాయి. తకియా అంతా జనం. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు చెట్ల కింద బండ్లు ఆపుకుని దిగుతున్నారు. తాత కట్ట విప్పి, మొదటి పుస్తకం గురువు సమాధి మీద పెట్టాడు. తర్వాత పాటలు ఇచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి ఒక్కో పుస్తకం ఇచ్చాడు. కాశన్న మనవడు తీసుకున్నాడు. లాలమ్మ కూతురు తీసుకుంది. అందరూ ముందుగా సూచిక తెరిచి తమవాళ్ళ పాట ఎక్కడుందో వెతుక్కుంటున్నారు. ఇదిగో అంటే ఇదిగో అని ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

ఇమాంబీని తాత పిలవలేదు. తానే లేచి, పుస్తకం పట్టుకుని వంటింటి అరుగు దాకా నడిచి వెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు. అక్కడే, ఆమెకు కొంచెం ఎడంగా అరుగు మీద కూర్చున్నాడు. రసూలు వెంటే వచ్చి తాత పక్కన కూర్చున్నాడు.

ఇమాంబీ పుస్తకాన్ని కళ్ళకు అద్దుకుంది. సూచిక తెరిచింది. వేలు పెట్టి మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టింది. పైకే చదువుతోంది, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు. ఒక్కో పేరూ కూడబలుక్కుని, చుక్కల మీదుగా అంకె దాకా వేలు జరిపి, మళ్ళీ కింది వరసకు వస్తోంది.

"దూ... ది... మూట," అంది.

కింది వరసకు వచ్చింది. గొంతు ఆగింది. వేలు మాత్రం ఆగలేదు. ఏమీ లేని చోట ఒకసారి ఆనించి, అక్కణ్ణుంచి చుక్కల మీదుగా, ఒక్కో చుక్కనూ తాకుతున్నట్టు, మెల్లగా కుడి వైపుకు పోయింది. అంకె దగ్గరికి చేరింది. ఆ అంకెను పెదవులతో అనుకుంది.

పేజీలు తిప్పుకుంటూ పోయి ఆ పేజీ తీసింది. పైన చూసింది. పేజీ నెత్తిన తెల్లగా ఉన్న చోట అరచెయ్యి ఆనించి, కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత వేలు కిందికి దించి, తన పాటను, తనకు ఎన్నేళ్ళ నుంచో నోటికి వచ్చిన పాటను, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవసాగింది. "ఊ... పి... తే..."

రసూలుకు మనసు ఆగలేదు. ఆ ఖాళీ ఎట్లా వచ్చిందో, మొదట కంప్యూటరు ఎట్లా ఒప్పుకోలేదో, తర్వాత ఏం చేస్తే ఒప్పుకుందో అంతా చెప్పాలనిపించింది. తాత వైపు వంగాడు.

"తాతా, అది ఎట్ల చేసినానంటే..."

తాత అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఉండు నాయనా," అన్నాడు. "చదువుకుంటాంది."